పాముకాటు పేజీ

“ఆ సంచీ ఇలాగియ్యి,” అంది దాలమ్మ.

రోహిణి ఇవ్వలేదు. భుజాన ఉన్న సంచీని రెండో చేత్తో కూడా పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

“సింపనులే. బీరువాలో పెట్టి తాళమేత్తాను. ఆ కాయితాలు నీకాడ ఉన్నంతసేపూ మా మాట నీ సెవికెక్కదు.”

“మీటింగు పదకొండింటికమ్మా. ఇప్పటికే తొమ్మిదిన్నరయింది.”

“మీటింగు ఎక్కడికీ పారిపోదు. ముందు సంతకం పెట్టు.”

సంతకం పెట్టవలసిన కాగితం మంచం మీద ఉంది. నిన్న సాయంత్రం తమ్ముడు మురళి జుగ్సలాయి వెళ్ళి టైపు చేయించి తెచ్చాడు. హిందీలో పన్నెండు వరసలు. డాక్టరు అనుమతి లేకుండా నా అంతట నేనే పాము విషానికి విరుగుడు మందు ఎక్కించాను, ఇది పూర్తిగా నా తప్పు, హెచ్చరికతో వదిలిపెట్టమని ప్రార్థన. అడుగున రోహిణి పేరు. పేరుకి పైన కాస్త ఖాళీ.

ఒంటిగంటలోగా ఆ కాగితం ఆరోగ్య సమితి ఆఫీసులో అందాలి. అందకపోతే విచారణ. విచారణలో తప్పని తేలితే నర్సుగా ఆమె రిజిస్ట్రేషనే పోతుంది. నోటీసు వచ్చిన తొమ్మిది రోజులుగా, ఉక్కు కార్ఖానాల ఊరి అంచున బాగ్‌బేరాలోని ఆ రెండు గదుల ఇంట్లో వేరే మాట లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. రోహిణి పనిచేసే సారీబేడా లాంటి అడవి ఊళ్ళలో డాక్టరు దగ్గర లేకుండా నెట్టుకొచ్చే నర్సులు ఏ జబ్బుకి ఏం చెయ్యాలో, ఎక్కడ ఆగాలో చెప్పే చేతిపుస్తకం ఒకటి సమితి తయారుచేస్తోంది. అది రాసే కమిటీలో రోహిణి కూడా ఉంది. పాముకాటు పేజీ ఆమె రాసిందే. ఆ పేజీ ఉంటుందో పోతుందో ఇవాళ తేలుతుంది. తప్పు నాదేనని సంతకం పెట్టిన మనిషి రాసిన పేజీని ఎవరు ఉంచుతారు?

మురళి తల తుడుచుకుంటూ లోపలి గదిలోంచి వచ్చాడు.

“దీదీ, ఏక్ సైన్. బస్. ఖతమ్,” అన్నాడు. “వార్నింగుతో పోద్ది. టౌన్లో నర్సింగ్ హోమ్ వాళ్ళు నిన్ను తీసుకుంటామన్నారు గదా. ఆ జంగల్లో ఎవరికోసం పడుండాలి?”

“ఖతమ్ ఎవరికి?”

“హమ్ సబ్ కే లియే. మనందరికీ.”

“సారీబేడాలో పాములికి నా సంతకం సూపిత్తావేటి?”

“ఎటకారాలు సాల్లే,” అంది దాలమ్మ. “మన ఇంట్లో నర్సు డ్రెస్సు ఏసుకున్న మొదటి గుంటవి నువ్వు. అది లాగీసుకున్నారంటే మళ్ళీ ఎవులిత్తారు? నీ తప్పున్నాదో నేదో నానడగనేదు. ఒగ్గీమంటన్నాను, అంతే.”

“తప్పు లేదని తెలిసీ ఉందని రాయమంటున్నావు.”

“రాత్తే ఏటి పోద్ది?”

బయట రైల్వే యార్డులో వేగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వరసగా దూరం దాకా పోయింది.

“అసలా దినం ఏటి జరిగిందో ఒకపాలి సెప్పు.”

మాట్లాడింది అసిరయ్య. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన్ని ముగ్గురూ మరిచిపోయారు. ముప్పై ఏళ్ళు కాంట్రాక్టర్ల కింద రిగ్గరుగా పనిచేసి, క్రేను ఎత్తే బరువులకి తాళ్ళు కట్టిన మనిషి. ఆ మోతల్లో కుడిచెవి పోయింది. నోటీసు వచ్చినప్పటి నుంచీ ఒక్క మాట అనలేదు. సరిగ్గా వినబడలేదేమోనని ఇంట్లో అనుకున్నారు.

“ఎన్నిసార్లు చెప్పింది నాన్నా,” అన్నాడు మురళి విసుగ్గా.

“మీకు సెప్పింది. నాకు సెప్పనేదు. ఇలా వచ్చి కూకో రోహిణీ. ఈ సెవి పక్కన.”

రోహిణి సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎడంపక్కన నేల మీద కూర్చుంది.

“తెల్లారుతుండగా సోంబారీ అని ఒకావిడని మంచం మీద మోసుకొచ్చారు నాన్నా. కింద పడుకుందట. కడుపునొప్పని లేచిందట. కాటు గుర్తు ఎక్కడా లేదు. తిన్నది పడలేదనుకున్నారు ఆళ్ళు. నేను చూసేసరికి రెప్పలెత్తలేకపోతంది. ఉమ్మి మింగలేకపోతంది. కట్లపాము. దాని కాటు కంటికి కనబడదు.”

“బండీ?”

“అంబులెన్సుకి ఫోన్ చేసాను. వాగు పొంగింది, నీళ్ళు తీసేదాకా రాలేమన్నారు. మూడు గంటలో నాలుగో. మందు నా ఫ్రిజ్‌లోనే ఉంది నాన్నా. వారమంతా ఉంటాది. డాక్టరు గారే మంగళవారం ఒక్కరోజు వస్తారు. ఆ వేళ శుక్రవారం.”

“మరి రూలేటి?”

“వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెను. అదే రూలు. పోయినేడు బుధ్‌రామ్ అని ఒకాయన ఇలాగే వస్తే రూలు చూసుకునే పంపించాను. దారిలోనే ఊపిరి ఆగిపోయింది. నా రిజిస్టరులో ‘పంపడమైనది’ అని ఉంది. దానికి నాకెవరూ నోటీసివ్వలేదు.”

అసిరయ్య తల ఊపాడు.

“సోంబారీని పంపలేదు. మందెక్కించాను. పావుగంటకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, బీపీ పడిపోయింది. ఆ మందు కొందరికి పడదు. ఆపి, తొడలో వేరే సూదిచ్చి, కుదుటపడ్డాక మళ్ళీ మెల్లగా మొదలెట్టాను. బండి వచ్చేసరికి ఊపిరి బాగానే ఆడతంది. ఇప్పుడు నాట్లకెళ్తంది.”

“ఎక్కించమని ఎవులు సెప్పినారు? నీకు నువ్వే అనుకున్నావా?”

తొమ్మిది రోజులుగా ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆమె తనంతట చెప్పనూ లేదు.

“డ్యూటీలో ఉన్న డాక్టరు గారు. ఫోన్లో.”

“ఓలమ్మో!” అంది దాలమ్మ. “మరది ఇన్నాళ్ళూ ఏల సెప్పనేదే?”

“ఆయన చెప్పలేదని రాసిచ్చారు. పంపించమనే చెప్పానని రాసారు. ఫోన్ చేసినట్టు నా సెల్లులో ఉంది. ఏం మాట్లాడుకున్నామో అందులో ఉండదు గదా.”

“కౌన్ హై వో? పేరు చెప్పు!” మురళి తువ్వాలు మంచం మీదకి విసిరాడు.

“చెప్పను. నలభై నిమిషాలు ఫోన్ పెట్టకుండా ఉన్నారు. ఒక్కొక్కటీ చెప్పి చేయించారు. ఆయన లేకపోతే ఆ మనిషి లేదు. తరవాత భయపడ్డారు. ఆయనదీ నీ వయసే.”

పేరు చెప్పకపోవడానికి ఆమెకి ఇంకో కారణమూ ఉంది. ఆ డాక్టరు సిద్ధార్థ్. చేతిపుస్తకం కమిటీకి అధ్యక్షుడైన డాక్టర్ ఉమామహేశ్వర్ కొడుకు. ఆ పేరు బయటికొస్తే ఇక పేజీ గురించి మాట్లాడేవాళ్ళుండరు. తండ్రీకొడుకుల గురించే మాట్లాడతారు.

అసిరయ్య తన అరచేతులు చూసుకున్నాడు.

“నీలకంఠం నీకు గురుతున్నాడా?”

“వీధి చివర ఉండేవారు. చెయ్యి లేదు.”

“ఆ సెయ్యి ఎలాగ పోయిందో తెలుసా? ఆదిత్యపూర్ కాడ ఒక ఫౌండ్రీ ఉండేది, ఇప్పుడు మూసీసినారు. బెల్టు ఆపి, ఆడు కిందకి దూరి పని సేత్తన్నాడు. పైనుంచి ఒకడు అడిగినాడు, ఆన్ సేసీమంటారా అని. ఎవుడో ‘హా’ అన్నాడు. ఎవుడన్నాడో ఇప్పటికీ తేల్నేదు. అడిగితే నానంటే నాను కాదన్నారు. ఆకరికి నీలకంఠం తప్పేనని కాయితం రాసి ఆడి సేతే సంతకం పెట్టించినారు. ఎడం సేత్తో పెట్టినాడు.”

మురళి మంచం అంచున కూర్చున్నాడు.

“సంతకం పెట్టినాడు, గొడవ పోయింది. మరసటేడు అదే బెల్టు కింద ఇంకోడు దూరినాడు. ఆడు బతకనేదు.” అసిరయ్య కూతురి వైపు తిరిగాడు. “మంచి కార్ఖానాల్లో అలాగుండదు. మిసను కింద మనిసి దిగితే, ఆపినోడూ దిగినోడూ ఇద్దరూ సీటీ కాయితం మీద సంతకం పెడతారు. నోటిమాట మీద స్విచ్ ముట్టరు. మీ డాట్టర్లకి అలాటిదేటీ నేదా?”

“లేదు నాన్నా.”

“అయితే పెట్టండి.”

ఆయన లేచి మంచం మీది కాగితం తీశాడు. దాలమ్మ భర్త చేతుల వైపు చూసింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి రోహిణి చేతికిచ్చాడు.

“నీకాడే ఉంచు. పెట్టాలనిపిత్తే అక్కడ పెట్టు. ఇక్కడ మా మొకాలు సూసి పెట్టకు.”

“మీకేటి పట్టిందీ!” అని మొదలుపెట్టిన దాలమ్మ మాట మధ్యలోనే ఆపేసింది. కూతురు చెప్పులేసుకుంటుంటే గోడకి ఆనుకుని నిలబడింది. వెళ్ళిరా అనలేదు.

రోహిణి గుమ్మం దాటాక వెనకనుంచి గొంతు వినబడింది.

“జుత్తు సరిగా కట్టుకో. పెద్దోళ్ళ మద్దికెల్తన్నావు.”

                              *

మురళి బండి మీద దింపుతానన్నాడు. దారంతా అక్కతో మాట్లాడలేదు.

జుగ్సలాయిలో ఒక గోదాము ముందు లారీ అడ్డంగా ఆగి బస్తాలు దింపుతోంది. వెనక ఆటోలు, సైకిళ్ళు, హారన్లు. మురళి ఇంజను ఆపేశాడు. రోహిణి వెనక సీటు మీదే సంచీలోంచి తన పేజీ తీసి, సంచీ మీద ఆనించి, మూడో అంశం కింద పెన్నుతో రాయడం మొదలుపెట్టింది.

“సైన్ కర్ రహీ హో?” మురళి అద్దంలోంచి చూశాడు.

“కాదు. ఇంకో లైను కలుపుతున్నాను.”

“హే భగవాన్!”

ఫోన్లో చెప్పిన మాట రెండు చోట్లా రాయాలి. చెప్పిన డాక్టరు తన రిజిస్టరులో, విన్న నర్సు తన రిజిస్టరులో. రెండు చోట్లా ఒకే నంబరు వేసుకోవాలి. నంబరు వెయ్యకుండా మందు మొదలుపెట్టకూడదు.

రాసింది రెండుసార్లు చదువుకుంది. చివరి వాక్యం కొట్టేసింది. సోంబారీ అక్కడ మంచం మీద ఉంటే నంబరు కోసం ఆగగలనా? ‘ప్రాణం మీదకొస్తే ముందు మందు, వెంటనే నంబరు’ అని మార్చింది.

లారీ కదిలింది.

సాక్చీలో సమితి ఆఫీసు ముందు ఆమె దిగాక మురళి హెల్మెట్ తియ్యకుండానే అన్నాడు, “పన్నెండున్నర దాకా ఇక్కడే ఉంటాను. పెట్టాలనుకుంటే పట్రా, ఒంటిగంటలోపు నేనే లోపల ఆఫీసులో ఇచ్చొస్తాను.”

“మరి నీ డ్యూటీ?”

“బి షిఫ్టు, రెండింటికి. టైముంది.”

“పెట్టకపోతే?”

మురళి బండి స్టాండు వేశాడు. “తబ్ భీ యహీఁ రహూంగా. అప్పుడూ ఇక్కడే ఉంటాను,” అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

                              *

మీటింగుకి ఇంకా పావుగంట ఉండగా ఉమామహేశ్వర్ ఆమెని పక్క గదిలోకి పిలిచాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. ముప్పై బ్యాచుల డాక్టర్లకి వార్డుల్లో పాఠం చెప్పాడు. రోహిణితో మొదటి రోజు నుంచీ తెలుగులోనే మాట్లాడేవాడు.

“కూర్చోమ్మా. కాగితం తెచ్చావా?”

“తెచ్చాను సార్. సంతకం పెట్టలేదు.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నీ మంచికి చెప్తున్నాను. పెట్టు. ఆఫీసులో గౌరీశంకర్‌తో మాట్లాడాను. హెచ్చరికతో సరిపెడతారు. ఈ ఎడిషన్లో ఆ పేజీలో ‘వెంటనే పంపాలి’ అని మాత్రమే ఉంచుదాం. రెండేళ్ళ తరవాత మళ్ళీ చూద్దాం.”

“రెండు వానాకాలాలు సార్.”

“తెలుసు.”

“పంపాలంటే దేంట్లో పంపాలో కూడా మన పేజీలో ఉండాలి కదా సార్. వాగు పొంగితే ఏం చెయ్యాలో?”

ఆయనకి కోపం రాలేదు. అది రోహిణికి మరింత కష్టంగా అనిపించింది.

“చూడు రోహిణీ, ఆ రోజు నువ్వు మందెక్కించినప్పుడు ఆమె బీపీ పడిపోయింది. నువ్వు గుర్తుపట్టావు, ఆపావు. నీ చేతిలో అది సాధ్యమైంది. కానీ పుస్తకం నీ ఒక్కదానికి కాదు. నిన్నగాక మొన్న ట్రైనింగ్ పూర్తిచేసిన పిల్ల దగ్గరకి కూడా వెళ్తుంది. ఆ పిల్లకి చెయ్యి వణికితే? కాటే కాని మనిషికి ఈ మందు ఎక్కిస్తే? నేను రాసిన వాక్యం చదివి ఒకరు చనిపోతే ఆ చావు నాది.”

“‘పంపాలి’ అన్న వాక్యం వల్ల కూడా ఒకరు చనిపోయారు సార్. బుధ్‌రామ్. అది నేను రాసింది కాదు గానీ నేను పాటించింది.”

కింద రోడ్డు మీద ఎవరో హారన్ ఆపకుండా కొడుతున్నారు.

“మీరు చెప్పిన భయాలన్నీ నావి కూడా సార్,” అంది రోహిణి. “అందుకే పేజీలో ముందు అవే రాసాను. మందు కన్నా ముందు అలెర్జీకి ఇచ్చే సూది నింపి పక్కన పెట్టుకోవాలి. ఈ గుర్తులు లేకపోతే ముట్టుకోకూడదు. ఏటా వానలకి ముందు ఈ పని మీద ట్రైనింగ్ లేని మనిషి ముట్టుకోకూడదు. డాక్టరు ఫోన్లో ఉండాలి. చెయ్యి వణికే పిల్లకి ఏ పేజీ కావాలి సార్? ఇవన్నీ ఉన్నదా, పంపించు అని ఒక్క ముక్క ఉన్నదా?”

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“డాక్టరు ఫోన్లో ఉండాలి అంటున్నావు. నీ జవాబులో కూడా ఫోన్లో అనుమతి ఉందని రాసావు. ఆ వేళ డ్యూటీలో ఉన్నవాడు మా అబ్బాయి. వాడు అలా చెప్పలేదన్నాడు. నా కొడుకు కాబట్టి నేను ఇందులో కలగజేసుకోకూడదు. ఇంతకన్నా ఏమీ అడగను.”

రోహిణి తన పేజీ చేతిలోకి తీసుకుంది.

“నేను కూడా చెప్పను సార్. పేజీ గురించే మాట్లాడతాను.”

                              *

బల్ల చుట్టూ నలుగురే ఉన్నారు. ఉమామహేశ్వర్, రోహిణి, సమితి పరిపాలన చూసే గౌరీశంకర్, చేతిపుస్తకం పని మొత్తం రాసిపెట్టే మనోజ్ఞ. మాటలన్నీ హిందీలోనే సాగుతున్నాయి.

గౌరీశంకర్ మొదటే తేల్చేశాడు. విచారణలో ఉన్న ఉద్యోగి రాసిన పేజీ చర్చకే రాకూడదన్నాడు.

“విచారణ ఒంటిగంట తరవాత కదండీ,” అంది మనోజ్ఞ లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా. పాతికేళ్ళ అమ్మాయి. ఎక్కువ మాట్లాడదు. “ఇప్పుడు పదకొండుంపావు.”

గౌరీశంకర్ ఆమె వైపు చూశాడు.

“చదవనీండి,” అన్నాడు ఉమామహేశ్వర్.

రోహిణి లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండు అంశాలకీ ఎవరూ అడ్డు చెప్పలేదు గానీ, మాట మాటా చూసుకుంటూ పోయేసరికి పన్నెండు కావచ్చింది. మూడో అంశంలో, ఆమె బండి మీద కలిపిన లైను చదవగానే గౌరీశంకర్ కుర్చీ వెనక్కి జరిపాడు.

“డాక్టరు చెప్పిన ప్రతి మాటా రిజిస్టరు కెక్కాలా? ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? రేపటి నుంచి ఎవరూ ఫోనే ఎత్తరు.”

“ఎత్తకపోతే అది కూడా రాస్తాం,” అంది రోహిణి. “ఎన్నిసార్లు చేసామో, ఎన్ని గంటలకి చేసామో. ఇప్పుడు జరుగుతున్నదేంటంటే, మంచి జరిగితే డాక్టరు చెప్పాడు, చెడు జరిగితే నర్సు చేసింది. రాసుంటే ఇద్దరికీ రక్షణ. డాక్టరు గారికి కూడా. తను ఏం చూడకుండా చెప్పాడో, ఏం విని చెప్పాడో అందులో ఉంటుంది. భయపడక్కర్లేదు.”

చివరి మాట అంటున్నప్పుడు ఆమె ఉమామహేశ్వర్ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది.

“మా నాన్న రిగ్గరు,” అంది తరవాత. “మిషను కింద మనిషి దిగితే ఇద్దరు సంతకం పెడతారట. నోటిమాట మీద స్విచ్ ముట్టరట. ఇనప మిషనుకి ఉన్నపాటి పద్ధతి మనిషికి ఉండొద్దా?”

కార్ఖానాల ఈ ఊళ్ళో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. గౌరీశంకర్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. మనోజ్ఞ ఆ లైను టైపు చేసేసింది.

“నాలుగోది,” అన్నాడు ఉమామహేశ్వర్.

“ఊపిరి బలం చూడడం. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకూ లెక్కపెట్టగలరో చూడాలి. పావుగంటకోసారి మళ్ళీ చూడాలి. అంకె తగ్గుతుంటే విషం ఊపిరి మీదకి వస్తున్నట్టు.” రోహిణి పేజీ తిప్పింది. “అంకెలు రాని వాళ్ళయితే ఇంట్లో మనుషుల పేర్లు వరసగా చెప్పమనాలి. ఒక్క ఊపిరిలో ఎన్ని పేర్లు వస్తే అంత.”

ఉమామహేశ్వర్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఆ చివరిది మళ్ళీ చదువు.”

ఆమె చదివింది.

“ఇది ఏ పుస్తకంలోది?” తెలుగులో అడిగాడు.

“పుస్తకంలోది కాదు సార్.”

“అవును, కాదు. లెక్కపెట్టమనడం అన్ని పుస్తకాల్లో ఉంటుంది. పేర్లు చెప్పమనడం నేను పెట్టుకున్నది. చక్రధర్‌పూర్‌లో పనిచేసే రోజుల్లో ఒక ముసలాయనకి అంకెలు రాకపోతే అలా అడిగాను. ఎక్కడా రాయలేదు.” ఆయన గొంతు తగ్గింది. “క్లాసులో కూడా చెప్పలేదు. ఇంట్లో, భోజనాల దగ్గర చెప్పాను. ఒక్కసారి. నీకెవరు చెప్పారు?”

రోహిణి తల దించుకుంది. ఈ వాక్యం ఆ ఇంటిదని ఆమెకి తెలియదు. ఫోన్లో విన్నది విన్నట్టు రాసుకుంది. బాగా పనికొచ్చింది కాబట్టి పేజీలో పెట్టింది.

“రోహిణీ, అడుగుతున్నాను.”

“పేజీ గురించే మాట్లాడతానన్నాను సార్.”

“ఇది పేజీ గురించే.”

గౌరీశంకర్‌కి తెలుగు అర్థం కాకపోయినా ఏదో జరుగుతోందని తెలిసి మనోజ్ఞ వైపు చూశాడు. ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

“ఆ రోజు ఫోన్లో ఉన్న డాక్టరు గారు చెప్పారు,” అంది రోహిణి.

పంపించమని మాత్రమే చెప్పినవాడు పేర్లు ఎందుకు చెప్పిస్తాడు? ఉమామహేశ్వర్ కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడి బయటికి చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి ఫోన్ తీసి బల్ల మధ్యలో పెట్టాడు. ఆయన వేలు కొడుకు నంబరు నొక్కింది. తరవాత స్పీకరు నొక్కింది.

“సార్, వద్దు,” అంది రోహిణి.

ఆయన వినిపించుకోలేదు. ఫోన్ మోగుతోంది. నాలుగోసారి మోగాక ఎత్తారు.

“నాన్నా? ఓపీలో ఉన్నాను. అమ్మ బాగానే ఉందా?”

“బాగానే ఉంది. ఒక్క మాట అడుగుతాను. సోంబారీ ఒక్క ఊపిరిలో ఎన్ని పేర్లు చెప్పింది?”

ఎవరు సోంబారీ అని వాడు అడిగితే బాగుండునని తండ్రి మొహం మీద స్పష్టంగా కనబడుతోంది. ఏ పేర్లు అన్నా చాలు. ఆయన పెదవులు బిగించుకుని ఫోన్ వైపే చూస్తున్నాడు.

అవతల ఎవరో దగ్గుతున్నారు. బల్ల జరిగిన చప్పుడైంది. తలుపు వేసిన చప్పుడైంది. దగ్గు వినబడడం మానేసింది.

“ఐదు,” అన్నాడు సిద్ధార్థ్. “ఆరోది కూతురి పేరు. సగంలో ఆగిపోయింది. అప్పుడే ఎక్కించమన్నాను.”

మనోజ్ఞ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉమామహేశ్వర్ కళ్ళు మూసుకున్నాడు.

“నాన్నా… అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?”

జవాబు రాలేదు. ఫోన్ కట్ అయిపోతుందని రోహిణికి అర్థమైంది. ఇప్పుడు కట్ అయితే ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. తండ్రి ఇంట్లో ఎత్తడు, కొడుకు కాగితం మీద ఎత్తడు. కుర్చీ లాక్కుని ఫోన్‌కి దగ్గరగా జరిగింది. ఆమె గొంతు ఆమెకే నిలకడగా వినబడింది.

“సార్, నేను రోహిణిని. కమిటీ మీటింగులో ఉన్నాం. స్పీకరు ఆన్‌లో ఉంది, అందరూ వింటున్నారు. పాముకాటు పేజీ నాలుగో అంశం దగ్గర ఉన్నాం.”

అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు.

“నా తప్పు గురించి గాని మీ తప్పు గురించి గాని ఇప్పుడు అడగడం లేదు సార్. ఆ తరవాత మీరు నాకేం చెప్పారో వరసగా చెప్పండి. మళ్ళీ అలాంటి ఫోన్ వచ్చినప్పుడు ఇంకో నర్సుకి పనికొస్తుంది. నేను రాసుకుంటున్నాను.”

ఆమె పెన్ను మూత తీసింది. గోడ మీద గడియారం పన్నెండు ఇరవై చూపిస్తోంది. గౌరీశంకర్ ఏదో అనబోతే ఉమామహేశ్వర్ చెయ్యెత్తి ఆపాడు.

ఫోన్ కట్ కాలేదు.

“ముందు...” అన్నాడు సిద్ధార్థ్. “ముందు తేదీ వెయ్యండి. టైము వెయ్యండి. నా పేరు పూర్తిగా రాయండి.”